వయసు మీరినా శ్రుతి తప్పని వాళ్ళు

పాలకొల్లు పేరు చెప్పగానే సినిమా ప్రియులకు ముగ్గురు గుర్తొస్తారు. అల్లు రామలింగయ్య గారు, దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు. ఒకరు తెర మీద కనబడి నవ్వించారు. మిగతా ఇద్దరూ కెమెరా వెనక కుర్చీలో కూర్చుని మనల్ని ఏడిపించారు, నవ్వించారు, టిక్కెట్ల కోసం చొక్కాలు చింపుకునేలా చేశారు. క్షీరారామలింగేశ్వరుడి గోపురం నీడన ఇంతమంది సినిమావాళ్ళు ఎలా పుట్టుకొచ్చారో ఆ పరమేశ్వరుడికే తెలియాలి!

అయితే ఆ ఊళ్ళో పుట్టినవాడే ఇంకొకడున్నాడు. అతని పేరు మీద కట్టిన ఒక బాణీ 2023లో ప్రపంచమంతటా వినిపించింది. 'శక్తి' అనే వాద్యబృందం ఆ ఏడాది 'దిస్ మూమెంట్' అనే ఆల్బం విడుదల చేసింది. అందులో మొట్టమొదటి అంశం పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. అంటే శ్రీనివాస్ కన్న కల. ఆ శ్రీనివాస్ మరెవరో కాదు, మన మాండలిన్ శ్రీనివాస్. ఆ బృందానికి పెద్ద జాన్ మెక్లాఫ్లిన్. ఇంగ్లండులో పుట్టిన జాజ్ గిటారిస్టు. ఆల్బం వచ్చేనాటికి ఆయన వయసు 81!

2024 ఫిబ్రవరి 4న ఆ ఆల్బంకు గ్రామీ అవార్డు వచ్చింది. అప్పటికి మెక్లాఫ్లిన్‌కు 82 నిండాయి. పాలకొల్లు శ్రీనివాస్ మాత్రం పోయి తొమ్మిదేళ్ళు దాటింది. బతికుంటే అతనికి అప్పటికి యాభై అయిదైనా నిండేవి కావు.

ముసలాయన వాయిస్తున్నాడు, కుర్రవాడు లేడు. ఈ తలకిందుల లెక్కే నన్ను కొన్నాళ్ళు వదలలేదు. సంగీతకారుడికి వయసు ఏం ఇస్తుంది? ఏం పట్టుకుపోతుంది? ఎనభైలో కూడా మంచి పని చేయగలవాళ్ళు ఎలా చేస్తున్నారు? చేయగలిగీ చేయలేకపోతున్నవాళ్ళ సంగతేమిటి? ఇదే ఈ వారం కబురు.

రెండు నదులు, రెండు డెల్టాలు

జాజ్ అంటే మనలో చాలామందికి క్లబ్బు డాన్సు పాటే గుర్తొస్తుంది. పొగలు, రంగుల దీపాలు, మెట్ల మీదుగా దిగివచ్చే జ్యోతిలక్ష్మి... మన సినిమాలు నేర్పిన జాజ్ అంతే. కానీ అసలు జాజ్ పుట్టింది ఒక నది చివర. అమెరికాలో మిసిసిపీ సముద్రంలో కలిసే చోటికి ఎగువన న్యూ ఆర్లియన్స్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతివాళ్ళు పెళ్ళికీ, ఊరేగింపుకీ, ఆఖరికి శవయాత్రకీ బ్యాండు పెట్టేవారు. కార్నెట్టు, క్లారినెట్టు, ట్రాంబోను, డ్రమ్ము. ఆ వీధి బ్యాండులోంచే సుమారు నూటపాతికేళ్ళ కిందట జాజ్ ఊపిరి పోసుకుంది.

మన గోదావరి డెల్టా మాత్రం తక్కువ తిన్నదా? కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాక కాలవలు వచ్చాయి, కాలవల వెంట వరి వచ్చింది, వరి వెంట నాలుగు డబ్బులు వచ్చాయి. డబ్బు చేతిలో ఆడితే చెవి సంగీతం కోరుతుంది. కాకినాడ సరస్వతీ గాన సభలో పాడితేనే విద్వాంసుడికి గుర్తింపు అనుకునే రోజులుండేవి. సన్నాయి మేళం లేని ముహూర్తం, బ్యాండు మేళం లేని ఊరేగింపు ఈ సీమలో ఉండేవి కావు. మనవాళ్ళ చేతిలోనూ అదే క్లారినెట్టు!

వాయించే పద్ధతి కూడా దూరపు చుట్టరికమే. జాజ్‌లో ముందు ఒక బాణీ వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ ఆ బాణీని తన ఇష్టం వచ్చినట్టు అల్లుకుపోతారు. రాసుకొచ్చింది ఏమీ ఉండదు, అప్పటికప్పుడు తోచిందే. మన విద్వాంసులు దాన్నే మనోధర్మం అంటారు. జాజ్‌వాళ్ళు వంతులేసుకుని నాలుగు నాలుగు కొలతలు మార్చుకుంటే, మన తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ ప్రశ్నా జవాబూ చెప్పుకుంటాయి. తేడా ఎక్కడంటే వాళ్ళకు ఒకేసారి మోగే స్వరాల గుంపులు దారి చూపిస్తాయి, మనకు రాగం దారి చూపిస్తుంది. దారులు వేరు, నడక ఒకటే.

పది రోజుల తేడా

ఒక చిత్రం చెబుతాను. 1969 ఫిబ్రవరి 18న న్యూయార్కులో ఒక రికార్డింగు జరిగింది. జాజ్‌కి పెద్ద దిక్కు మైల్స్ డేవిస్ 'ఇన్ ఎ సైలెంట్ వే' అనే రికార్డు చేస్తున్నాడు. అప్పుడే ఇంగ్లండు నుంచి దిగిన ఒక కుర్రాణ్ణి గిటారు పట్టుకుని రమ్మన్నాడు. ఆ కుర్రాడే మెక్లాఫ్లిన్, వయసు 27. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 28న, పాలకొల్లులో ఉప్పలపు సత్యనారాయణ గారింట శ్రీనివాస్ పుట్టాడు. వీళ్ళిద్దరూ ఒకనాడు ఒకే వేదిక మీద కూర్చుంటారని ఎవరు అనుకుంటారు?

ఆరేళ్ళ వయసులో శ్రీనివాస్ తండ్రి గారి మాండలిన్ చేతబట్టాడు. తండ్రి గారికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారే పిల్లవాడికీ పాఠం మొదలుపెట్టారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ గారి శిష్యులు. కానీ ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! మరి ఎలా నేర్పారంటే, ఆయన పాడేవారు, కుర్రాడు అది విని తీగ మీద పలికించేవాడు. అందుకే ఆ మాండలిన్ మొదటి రోజు నుంచే గొంతును చూసి నేర్చుకుంది.

ఇది చిన్న సంగతి కాదు. మాండలిన్ ఇటలీ నుంచి వచ్చిన వాద్యం. మన సినిమా ఆర్కెస్ట్రాలో అది చాన్నాళ్ళు చిన్న పలుకులకే పరిమితం. జంటలు జంటలుగా ఎనిమిది తీగలు, మెట్టు మీద మెట్టు. గమకం పలకాలంటే తీగ ఒంగాలి, జారాలి. జంట తీగలతో ఆ పని కుదరదు. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదు కట్టుకున్నాడు, విద్యుత్తు మాండలిన్ తీసుకున్నాడు. తీగ సన్నమైంది, నాదం సాగింది, గమకం లొంగింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించేసరికి నగరం నోరు వెళ్ళబెట్టింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం! పధ్నాలుగేళ్ళ పాలకొల్లు కుర్రాడు జాజ్ వినడానికి వచ్చిన జర్మన్లకు కర్ణాటక సంగీతం వినిపించి వచ్చాడు. 1998లో పద్మశ్రీ, నిండా ముప్పై రాకుండానే.

అటు మెక్లాఫ్లిన్ ఏం చేస్తున్నాడు? మైల్స్ డేవిస్ దగ్గర పేరు తెచ్చుకుని, 1971లో 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' పెట్టి, చెవులు చిల్లులు పడే వేగంతో ప్రపంచాన్ని ఊపేశాడు. అప్పుడు అందరూ ఆశ్చర్యపోయేలా ఆ హోరంతా పక్కన పెట్టి, వీణ పాఠాలు చెప్పించుకుని, చాప మీద కూర్చున్నాడు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుసేన్, ఘటం విక్కు వినాయకరాం. ఆ నలుగురి బృందమే మొదటి 'శక్తి'. 1970లలో మూడు రికార్డులు చేసి విడిపోయారు. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసి, 'రిమెంబర్ శక్తి' అని పేరు పెట్టుకున్నారు. అందులోకే మన శ్రీనివాస్ వచ్చాడు. 2001లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' రికార్డులో త్యాగయ్య గారి గణపతి కృతి ఒకటుంది. మనవాళ్ళు బంగాళ రాగంలో కచేరీ మొదట్లో పాడుకునే కృతి. దాని పక్కన జాజ్ గిటారు కూర్చుని, చిన్నవాడి వెనకాల పెద్దవాడు నడిచినట్టు నడిచింది.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశాడు. కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన చిక్కులు. వయసు 45. ఆరేళ్ళకు మొదలుపెట్టినవాడు కాబట్టి సంగీత వయసు నలభై దాకా ఉండవచ్చు. కానీ మనిషికి వార్ధక్యం రానేలేదు. అతను అరవైలో, డెబ్భైలో, ఎనభైలో ఏం వాయించి ఉండేవాడో ఇక మనకు తెలియదు. ఈ లోటు ఎంతటిదో తెలియాలంటే, అదే గోదావరి నీళ్ళు తాగి వార్ధక్యం దాకా వచ్చినవాళ్ళు ఆ వయసులో ఏం చేశారో చూడాలి.

ముప్పైలో పుట్టిన ముగ్గురు

1930వ సంవత్సరం సంగీతానికి మంచి కాన్పు. జూలై 6న కోనసీమలోని శంకరగుప్తంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టారు. సెప్టెంబరు 7న న్యూయార్కులో సోనీ రోలిన్స్ అనే శాక్సొఫోను వీరుడు పుట్టాడు. సెప్టెంబరు 22న కాకినాడలో పి.బి. శ్రీనివాస్ గారు పుట్టారు. మూడు గొంతులు, మూడు దారులు.

బాలమురళి గారి బాల్యం అందరూ ఎరిగిందే. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు, తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ. పసితనంలోనే తల్లి పోయింది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికం. ఎనిమిదేళ్ళకు విజయవాడలో కచేరీ. కౌమారం దాటకుండా 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన ఘనుడు. వెండితెరకూ కొత్త కాదు. 'నర్తనశాల' (1963)లో గొంతు, 'భక్త ప్రహ్లాద' (1967)లో స్వయంగా నారదుడు, 'గుప్పెడు మనసు' (1979), 'మేఘసందేశం' (1982)... 'హంసగీతె' కన్నడ చిత్రానికి ఉత్తమ గాయకుడిగా, 'మధ్వాచార్య'కు ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ బహుమతులు.

ఇవన్నీ పాత లెక్కలు. నేను చెప్పదలుచుకున్నది తర్వాతి సంగతి. 75వ ఏట, 2005లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు షెవాలియే బిరుదు ఇచ్చింది. మామూలుగా అయితే అది ముగింపు మంగళం. ఆయన ఆగలేదు. 80వ ఏట 'గ్రామం' అనే మలయాళ సినిమాకి పాడి కేరళ రాష్ట్ర బహుమతి పుచ్చుకున్నారు. మూడే స్వరాలతో 'త్రిశక్తి', నాలుగే స్వరాలతో 'లవంగి' అంటూ రాగాలు కట్టినప్పుడు ఇవేం రాగాలని విసుక్కున్నవాళ్ళున్నారు. ఆ విసుక్కున్నవాళ్ళు వెళ్ళిపోయారు, రాగాలు ఉన్నాయి. 2016 నవంబరు 22న, 86వ ఏట, ఆ గొంతు ఆగింది.

పి.బి. శ్రీనివాస్ గారి కథ ఇంకా ముచ్చటైనది. కన్నడ రాజ్‌కుమార్‌కీ, తమిళ జెమినీ గణేశన్‌కీ ఆయనే గొంతు. మనకు 'లేత మనసులు' (1966)లో హరనాథ్‌కి పాడిన ఆ మెత్తని గొంతు ఎవరు మరిచిపోతారు? ఎన్నో ఏళ్ళు హీరోలకు పాడాక, కాలం మారి అవకాశాలు తగ్గాయి. ఆయన కోపగించుకోలేదు. మద్రాసు వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ హోటల్లో ఒక మూల కూర్చుని, జేబునిండా రంగు రంగుల కలాలు పెట్టుకుని, ఎనిమిది భాషల్లో కవిత్వం రాసుకునేవారు. 2008లో ఆ హోటలూ మూతపడింది.

అప్పుడు ఒక పిలుపు వచ్చింది. సెల్వరాఘవన్ తీసిన తమిళ చిత్రం 'ఆయిరత్తిల్ ఒరువన్' (2010). మన దగ్గర 'యుగానికి ఒక్కడు' పేరుతో వచ్చింది. సంగీత దర్శకుడు జి.వి. ప్రకాశ్ కుమార్‌కు అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఒక విషాద గీతానికి ఆ కుర్రాడు వెతికి వెతికి ఎవరిని పిలిచాడో తెలుసా? ఎనభైకి అడుగు దూరంలో ఉన్న కాకినాడ పెద్దాయన్ని! బాంబే జయశ్రీ పక్కన ఆ గొంతు వినండి. వణుకుంది, కాదనను. కానీ ఆ వణుకు ఆ పాటకు కావలసిందే. ముప్పై ఏళ్ళప్పుడు ఆయనే ఆ పాట పాడితే ఇంకా నున్నగా ఉండేదేమో, ఇంత నిజంగా మాత్రం ఉండేది కాదు. 2013 ఏప్రిల్ 14న ఆయన వెళ్ళిపోయారు.

ఇక మూడోవాడు సోనీ రోలిన్స్. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలినప్పుడు ఆయన కాపురం అక్కడికి కూతవేటు దూరం. ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటే శాక్సొఫోను ఒక్కటి చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. నాలుగో రోజున బోస్టన్‌లో కచేరీ ఉంది. వయసు 71. మానేసినా ఎవరూ తప్పు పట్టరు. వెళ్ళి వాయించాడు. ఆ రాత్రి రికార్డు తర్వాత విడుదలై, అందులోని ఒక వాదనకు గ్రామీ వచ్చింది. మునుపు వంద కచేరీలు చేసిన చెయ్యే. కానీ ఆ రాత్రి ఊపిరి వేరు.

పక్క వాద్యం పెద్దాయన

ముందు కూర్చున్నవాళ్ళ గురించే చెప్పుకుంటే పాపం. పక్కన కూర్చునేవాళ్ళుంటారు. అన్నవరపు రామస్వామి గారు 1926 మార్చి 27న నాటి పశ్చిమ గోదావరి జిల్లా సోమవరప్పాడులో పుట్టారు. ఆయనా పారుపల్లి వారి శిష్యులే, బాలమురళి గారికి సాక్షాత్తూ గురుసోదరులు. 1948లో విజయవాడ ఆకాశవాణిలో వయొలిన్ విద్వాంసులుగా చేరి 1986 దాకా పనిచేశారు. మన తాతలు పొద్దున్నే రేడియో పెట్టి 'భక్తిరంజని' వింటూ కాఫీ తాగిన రోజులవి.

పక్క వాద్యం అంటే సినిమాలో గుణచిత్ర నటుడి లాంటిది. హీరో డైలాగు పండాలంటే ఎదుటివాడు సరిగ్గా వినాలి. పాడేవారు ఎటు తిరిగితే అటు తిరగాలి, ఒక్క క్షణం వెనకబడకూడదు, ఒక్క క్షణం ముందుకు పోకూడదు. జీవితమంతా ఇతరుల కచేరీలకు అలా వెలుగిచ్చిన ఈ పెద్దాయన తనవిగా వందన, శ్రీదుర్గ అనే రాగాలు, త్రినేత్రాది, వేదాది అనే తాళాలు కల్పించారు. ఉద్యోగం నుంచి దిగిన 35 ఏళ్ళకు, 2021లో, ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికి ఆయనకు 94 నిండాయి. ఆలస్యం ఎవరిదంటారు? వయసుది కాదు, మనది.

ఆ సంగతి కొస్తే 2014వ సంవత్సరమే చూడండి. సెప్టెంబరులో 45 ఏళ్ళ శ్రీనివాస్ పోయాడు. డిసెంబరు 8న నేదునూరి కృష్ణమూర్తి గారు పోయారు. పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో 1927లో పుట్టిన ఆయనకు 87 ఏళ్ళు. అన్నమయ్య కీర్తనలు వందకు పైగా స్వరపరిచి, వాటికి కచేరీ గౌరవం తెచ్చిన మహానుభావుడు. ఆయన ఎనభైల్లోనూ శిష్యులకు పాఠం చెప్పుకుంటూ గడిపారు. మూడు నెలల వ్యవధిలో డెల్టా ఒక నిండు పంటనూ, ఒక పచ్చి చేనునూ పోగొట్టుకుంది.

ఏం పోతుంది, ఏం మిగులుతుంది?

వయసు ముందు వేళ్ళ దగ్గరికి వస్తుంది. మెక్లాఫ్లిన్‌కూ వచ్చింది. చేతికి కీళ్ళవాతం. గిటారు వాయించేవాడికి చెయ్యి పట్టేస్తే ఇంకేముంది! 2017లో అమెరికాలో వీడ్కోలు పర్యటన కూడా చేసేశాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. ఆరేళ్ళు తిరక్కుండా 'శక్తి' యాభయ్యేళ్ళ పండగ అంటూ జాకిర్ హుసేన్, శంకర్ మహదేవన్, గణేశ్ రాజగోపాలన్, సెల్వగణేశ్‌లతో మన దేశానికి వచ్చి వాయించాడు. 'శక్తి' పేరుతో స్టూడియోలో చేసిన ఆల్బం వచ్చి అప్పటికి 46 ఏళ్ళు!

ఆ ఆల్బం విన్నవాళ్ళకు ఒక సంగతి తడుతుంది. కుర్రతనంలో ఆయన ఒక్క ఊపిరిలో వంద స్వరాలు కుమ్మరించేవాడు. ఇప్పుడూ వేగం ఉంది, కాని పరుగు లేదు. పక్కవాళ్ళకు చోటిస్తాడు. ఒక స్వరం వేసి, అది ఎక్కడికి పోతుందో చూస్తాడు. మన పల్లెల్లో పెద్ద రైతు చేను గట్టున నిలబడి చూసినట్టు. కుర్రవాడికి తనకు ఏం వచ్చో చూపించాలని ఉంటుంది. పెద్దవాడికి పాటకు ఏం కావాలో కనబడుతుంది. వయసు పట్టుకుపోయేది మొదటిది, ఇచ్చి పోయేది రెండోది.

అన్నట్టు ఎనభై కూడా పెద్ద వయసు కాదట! అమెరికాలో మార్షల్ అలెన్ అనే శాక్సొఫోను పెద్దాయన ఉన్నాడు. 1924 మే 25న పుట్టాడు. దశాబ్దాల పాటు సన్ రా అనే ఆయన బృందంలో వాయించి, తర్వాత ఆ బృందాన్ని తనే నడిపాడు. తన సొంత పేరు మీద మొదటి ఆల్బం 'న్యూ డాన్' 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి నూరు నిండాయి! నూరేళ్ళకు 'కొత్త పొద్దు' అని పేరు పెట్టుకున్నవాడికి దండం పెట్టక ఏం చేస్తాం?

మన సినిమాలోనూ చిన్న ఉదాహరణ ఉంది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు 2016 డిసెంబరుతో సినిమా పని మానేస్తానని ముందుగానే ప్రకటించారు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. తీసుకోబట్టి కదా, 2023 మార్చిలో 'ఆర్.ఆర్.ఆర్.' పాటకు చంద్రబోస్ గారితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. అప్పటికి ఆయనకు 61. ఇంతమంది పెద్దల మధ్య ఆయన కుర్రాడి కిందే లెక్క. కానీ అరవై అనగానే కుర్చీ వేసి కూర్చోబెట్టే మనకు ఆ లెక్క కూడా తెలియాలి.

పెట్టెలో క్లారినెట్టు

ఈ వ్యాసం కోసం పాలకొల్లు వెళ్ళాను. శ్రీనివాస్ పుట్టిన ఊళ్ళో మాండలిన్ ఎవరైనా వాయిస్తారేమోనని ఆశ. బస్సు దిగి టీ కొట్టు దగ్గర ఆ మాటే అడిగితే, బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన తలెత్తారు. డెబ్భై అయిదు దాటి ఉంటాయి.

"మాండలిన్ సంగతి నాకు తెలవదు బాబూ. నేను క్లారినెట్టండి. పెళ్ళి బ్యాండులో నలభయ్యేళ్ళు వాయించాను."

"ఇప్పుడు వాయించడం లేదా అండీ?"

"ఇప్పుడు పెళ్ళంటే డీజే కదండీ. వ్యాను మీద నాలుగు పెట్టెలు పెడతారు, ఊరు అదిరిపోద్ది. క్లారినెట్టు పెట్టె తెరిచి పదేళ్ళయింది."

"ఊపిరి అందడం లేదా?"

ఆయన నా వంక కాస్త కోపంగా చూశారు. "ఊపిరికేం బాబూ, బాగానే ఉంది. వాయించలేక కాదండి. వాయించమని అడిగే నాథుడు లేక."

ఆ మాటతో నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. మెక్లాఫ్లిన్‌కి జాకిర్ హుసేన్ లాంటి స్నేహితుడుండేవాడు. పి.బి. శ్రీనివాస్ గారిని ఇరవై రెండేళ్ళ కుర్రాడు పిలిచాడు. బాలమురళి గారికి ఎనభైలోనూ మైకు ముందు చోటుంది. మార్షల్ అలెన్‌కి నూరేళ్ళప్పుడు స్టూడియో తలుపు తెరిచారు. వీళ్ళందరి ప్రతిభ గొప్పదే, ఎవరు కాదంటారు? కానీ ప్రతిభ ఒక్కటే చాలితే ఆ క్లారినెట్టు పదేళ్ళు పెట్టెలో పడుకోదు. అడిగేవాళ్ళుండాలి. వినడానికి కూర్చునేవాళ్ళుండాలి. మనం పెద్ద కళాకారుణ్ణి అడిగేది సాధారణంగా రెండే. ఒకటి సన్మానానికి రమ్మని, రెండోది పోయాక ఫొటో ఉందా అని. శాలువా కప్పుతాం గాని, వాయించమని అడగం.

"నేను అడుగుతున్నానండీ, వాయిస్తారా?" అన్నాను.

ఆయన చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. "రీడు ఎండిపోయి ఉంటది. రేపు పొద్దున రండి, చూద్దాం" అన్నారు.

మర్నాడు వెళ్ళాను. అరుగు మీద చాప వేసి ఉంది. పెట్టె తెరిచి, రీడు నోట్లో పెట్టుకుని తడిపి, బిగించి, ఒకసారి ఊదారు. గాలి తప్ప ఏం రాలేదు. రెండోసారి కీచుమంది. ఇంట్లోంచి మనవడు నవ్వాడు. మూడోసారి మోహన రాగం పలికింది. నాలుగు నిమిషాలు వాయించి ఉంటారు. మధ్యలో రెండుసార్లు ఊపిరి తెగింది. తెగిన ప్రతిసారీ ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడి నుంచే మళ్ళీ అందుకున్నారు. పై స్థాయి జోలికి పోలేదు. ఉన్న ఊపిరికి సరిపడే చోటే తిరిగారు. ఆ నాలుగు నిమిషాల్లో వీధిలో ఇద్దరు సైకిళ్ళు ఆపి నిలబడ్డారు.

నేను బెర్లిన్ ఉత్సవం చూడలేదు. బోస్టన్ కచేరీ రికార్డులో విన్నదే. ఈ అరుగు మీది నాలుగు నిమిషాలకు అవార్డులూ రావు, రికార్డులూ రావు. అయినా బయల్దేరేటప్పుడు ఆయన ఏమన్నారో చెప్పి సెలవు తీసుకుంటాను.

"వచ్చే నెల్లో మా వాళ్ళింట్లో పెళ్ళుందండి. డీజే ఎలాగూ ఉంటది. తలంబ్రాలప్పుడు ఒక్క అయిదు నిమిషాలు అది ఆపమని అడుగుతాను. ఈలోగా రోజూ కాసేపు సాధకం చేసుకోవాలి."

మనవడు ఈసారి నవ్వలేదు. క్లారినెట్టు పెట్టెలో పెట్టబోతుంటే, "తాతా, నాకోసారి ఇయ్యి" అన్నాడు.